ఊపిరి బిగపట్టు

కిటికీలు మూసేశాడు.
తలుపు కింది సందులో నా తువ్వాలు కుక్కాడు.
సముద్రం వైపు వెంటిలేటరుకి అట్టముక్క, టేపు.
వాల్పరైసో కొండ మీద
గాలిని ఇంట్లోకి రానివ్వకపోవడమంటే
అత్తగారిని గుమ్మంలో నిలబెట్టడమే.
ఏదో ఒక సందు చూసుకుని వచ్చే తీరుతుంది.

వంటింటి బల్ల వెనక వేలాడే నల్లగుడ్డ
మా అమ్మ పోయిన ఏడాదంతా నేను వేసుకున్న స్కర్టు.
కుట్లు విప్పి పరిచాడు. అడగలేదు.
పక్కన ఫ్లాష్, దాని చెంపకి బిస్కట్ డబ్బా అట్ట,
వెలుగు గుడ్డ మీద పడకుండా.
మధ్యలో, ఉప్పు నింపిన గ్లాసులో
ఒకే ఒక్క అగరువత్తి.

"ఎదెల్మీరా, ఊపిరి బిగపట్టు."

ముప్పై ఒక్కేళ్ళు బిగపట్టాను,
సైరన్ మోగిన ప్రతి రాత్రీ.
మా ఊళ్ళో మంటలార్పడం జీతం లేని కొలువు.
పగలు తాళాలు బాగుచేసేవాడు,
రాత్రి తలుపులు పగలగొట్టేవాడు.
తిరిగొచ్చి, కోటు విప్పకుండానే చెప్పేవాడు:
నల్లగా చిక్కగా లేస్తే టైర్లు,
గోధుమరంగైతే పాత దూలాలు,
పసుపు తిరిగి, తలుపు సందులోంచి
వెనక్కి లోపలికే పోతోందా, పరుగెత్తు.
ఆ ఇల్లు ఊపిరి తీసుకుంటోంది.

ఇప్పుడు
ఏమీ చెప్పని పొగ కావాలట.
నిప్పు లేనిదే పొగ రాదు, నిజమే,
ఈయనకి ఆవగింజంత నిప్పు చాలు.

నేనూ చూశాను.
మొదట దారం. సూదిలోకి ఎక్కేంత నిటారు.
జానెడెత్తు వెళ్ళాక
ఏదో మర్చిపోయినట్టు తల తిప్పుతుంది.
అక్కణ్ణించి మడత, మడతలో మడత,
పిండి ఆరేసిన జార్జెట్టు,
చేప మొప్ప లోపలి
"పోలిక చెప్పకు" అంటాడు.

పక్కింటి క్లోరిందా వచ్చి కంప్యూటర్లో చూసింది.
రంగులు తిరగేసి పెట్టాడప్పటికే.
నలుపు తెల్లకాగితమై, పొగ దాని మీద
ఒలికిన నీలం సిరా.
"గుర్రం!" అంది. "ఇదేమో మరియమ్మ ముసుగు!"
ఆమె పొగడ్తేనని నాకు తెలుసు.
"పొగ" అన్నాడు ఎర్నాల్దో, ముఖం మాడ్చుకుని.
పాపం, పొగబెట్టి పంపినంత పనయింది.

పది ఫొటోలకోసారి గది మసకబారుతుంది.
అన్నీ తెరవాలి.
గాలి లోపలికొచ్చి నా గిన్నెలన్నీ తడిమి
వెళ్ళేదాకా ఆగాలి. మళ్ళీ మూయాలి.
నిన్న మూడో విడతలో
స్టవ్ మీద నా బీన్సు మాడిపోయాయి.
ముప్పై ఒక్కేళ్ళ ఫైర్‌మాన్ ముక్కుకి తెలియలేదు!
వెళ్ళి నేనే కట్టేశాను.
ఆయన కెమెరా దించలేదు.
నవ్వు ఆపుకోలేకపోయాను.
ఆ నవ్వుకి పొగ నిలువునా చీలి
ఒక పాయ పక్కకి జారి
తనలోకి తానే చుట్టుకుంది.
సరిగ్గా అప్పుడే ఫ్లాష్.

రెండొందల పన్నెండింట్లో
అది అచ్చు వేయించి హాల్లో తగిలించాడు.

ఇంకొకటి కూడా వేయించాడు.
అది బీరువా వెనక, ముఖం గోడకి.
తుడిచేటప్పుడు చూశాను.
ఏమీ లేదు. పలచటి మెలిక, పైన రెండు పాయలు.
పోలిక చెప్పొద్దన్నాడు కదా, చెప్పను.
మెట్లు మాత్రం గుర్తొచ్చాయి,
ఆ మే నెల రాత్రి ఆయన ఎక్కి, ఒక్కడే దిగి,
మళ్ళీ ఎక్కనివ్వమని
నలుగురితో పెనుగులాడిన మెట్లు.

దుమ్ము గీసిన గీత మీద అంచు సరిగ్గా పడేలా
ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఇవాళ గాలి లేదు.
గుడ్డ తగిలించాడు. గ్లాసులో ఉప్పు
వేలితో చదును చేశాడు.
"ఊపిరి" అని, ఆగాడు.
"తీసుకో. నీ ఇష్టం.
ఎటు పోతుందో చూద్దాం."

అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు.
మూడో పుల్లకి అంటుకుంది.